రాతి మీద చెక్కిన పాస్‌వర్డ్

రౌటరు బిగించడం పావుగంట పని. అది మీకు ఎవరైనా నేర్పుతారు. ఆ పావుగంటకు ముందూ వెనకా ఏం చేయాలో ఎవరూ నేర్పరు. అందుకే ఇది రాస్తున్నాను.

టెలిఫోన్ శాఖలో ముప్పై ఆరేళ్ళు పనిచేశాను. నంద్యాలలో ఇరవై నాలుగు, ఆళ్ళగడ్డలో పన్నెండు. మొదట ఎక్స్‌ఛేంజిలో కూర్చున్నాను, తర్వాత లైన్ల మీద తిరిగాను, చివర్లో ఇళ్ళకు బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చాను. ఏ ప్రమోషను ఏ తేదీన వచ్చిందో నాకు గుర్తుంది కానీ దానివల్ల మీకు ఉపయోగం లేదు. ఇప్పుడు ఫైబర్ కనెక్షన్లు ఇస్తున్న పిల్లలు, వాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు, నంద్యాలలో మా ఇంటికి వచ్చి సందేహాలు అడుగుతుంటారు. వాళ్ళకు చెప్పేదే ఇక్కడ కాగితం మీద పెడుతున్నాను.

లైటు వెలిగితే పని అయిపోదు

నా సర్వీసులో గుర్తుంచుకోదగ్గ అధికారులు ఇద్దరు. ఒకాయన పేరు చెప్పను. బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజుల్లో ఆయనకు కనెక్షన్ల సంఖ్య ఒక్కటే కావాలి. "లైటు వెలిగిందా? లేచి వచ్చేయండి" అనేవాడు. రౌటర్లన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టమన్నదీ ఆయనే. ఫిర్యాదు వస్తే ఎవరు వెళ్ళినా తెరవగలగాలట. తెరవడానికి మాకు ఎంత సులువో, ఇంకొకరికీ అంతే సులువని ఆయనకు తట్టలేదు. తట్టినా పట్టించుకునే మనిషి కాదు.

రెండో ఆయన నాగలింగం సారు. గొంతు పెంచేవాడు కాదు, పొగిడేవాడూ కాదు. నేను ఒక ఇంట్లో పని ముగించి వచ్చి చెబితే ఒకటే అడిగేవాడు: "నువ్వు చేసినావా, వాళ్ళ చేత చేయించినావా?" ఇంటి మనిషి తన చేత్తో తాళం వేసుకుంటేనే అది ఆ ఇంటి తాళం అని ఆయన మాట. పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు మనం మొహం పక్కకు తిప్పుకోవాలి. ఎవరైనా "మీరే ఏదో ఒకటి పెట్టేయండి మేడం" అంటే ఒప్పుకోకూడదు. ఈ ఒక్క నియమం పాటించినందుకు చాలా ఇళ్ళలో నన్ను మొండిమనిషి అన్నారు. అననివ్వండి.

రజియా ఉద్యోగం

రిటైరయ్యాక నేను చూసిన ఒక ఇంటి సంగతి చెప్తాను. ఇందులో ఈ వృత్తి పాఠాలు దాదాపు అన్నీ ఉన్నాయి.

ఆళ్ళగడ్డలో దస్తగిరి అని రాతిపని సామాన్లు అమ్మే వ్యాపారి ఉన్నాడు. ఉలులు, సుత్తులు, రాళ్ళు కోసే మిషను బ్లేడ్లు. ఊళ్ళో విగ్రహాలు చెక్కేవాళ్ళలో సగం మంది ఆయన దగ్గరే కొంటారు. ఆయన అంగడికి మొదటి ఫోను పెట్టింది నేనే. ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయి మాబున్నిని నంద్యాలలో ఇచ్చారు. చిన్నమ్మాయి రజియా డిగ్రీ చదివి, ఆసుపత్రుల డాక్టర్లు మాట్లాడి పంపిన రికార్డింగులు విని టైపు చేసే ఒక కంపెనీలో ఇంటి నుంచే పనిచేస్తోంది.

ఒక శుక్రవారం పొద్దున రజియా నాకు ఫోను చేసింది.

"మేడం, నన్ను పన్లోంచి తీసేస్తారేమో. మీరొక్కసారి రాగలరా?"

సంగతేమిటంటే, ఆమె తన కంపెనీ పేజీ తెరిస్తే అది వేరే దారిలో తిరిగి వస్తోందని కంపెనీ వాళ్ళ యంత్రాలు పట్టుకున్నాయి. రోగుల వివరాలు ఉండే పని కాబట్టి వెంటనే ఆమె లాగిన్ ఆపేశారు. శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు వాళ్ళ మనిషి వీడియోలో వచ్చి ఇంటి వైఫై సెట్టింగులు ఒక్కొక్కటీ చూస్తాడు. భద్రంగా ఉంటే లాగిన్ తిరిగి ఇస్తారు. లేకపోతే ఆ పని ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

"మీ నాయన ఏమంటున్నాడు?" అన్నాను.

"ఏమంటాడు మేడం? ఇంట్ల కూర్చోని టైపు కొట్టే పని గదా, పోతే పోనీలే అంటాండాడు."

నంద్యాల దాకా రోజూ వెళ్ళి వచ్చే ఉద్యోగానికి ఆ ఇంట్లో ఒప్పుకోరు. ఇంట్లో కూర్చుని చేసే ఈ ఉద్యోగాన్ని ఉద్యోగమనే అనుకోరు. ఇది పోతే ఆ అమ్మాయికి ఇంకోటి లేదు. శనివారం పొద్దున్నే బస్సెక్కాను.

గేటు పక్కన రాయి

ఏ ఇంటికి వెళ్ళినా ముందు బయట నిలబడి చూడండి. నేను దస్తగిరి ఇంటి గేటు దగ్గర నిలబడి చూశాను. చూసి, నా కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను.

గోడకు నల్లరాతి పలక బిగించి ఉంది. నిగనిగలాడే రాయి. పైన 'హుస్సేనమ్మ నిలయం' అని దస్తగిరి తల్లి పేరు. చుట్టూ పూలతీగ. కింద ఇంగ్లీషు అక్షరాల్లో వైఫై అని, దాని పక్కన పాస్‌వర్డ్: దస్తగిరి పేరు, ఆ తర్వాత 786. ఎంత అందంగా చెక్కారంటే వీధి అవతలి నుంచి కళ్ళద్దాలు లేకుండా చదవొచ్చు.

"రా మేడం, రా. ఇంత ఎండలో ఎందుకొచ్చినావు?" అంటూ దస్తగిరి బయటికి వచ్చాడు. "పాప ఊరికే బయపడ్తాంది. నెట్టు బాగనే వస్తాంది. సినిమా గూడ ఆగకుండా ఆడ్తాంది."

"సినిమా ఆడితే తాళం ఉన్నట్టా దస్తగిరీ? ఇదేంది?"

"అదా? మాబున్ని పెళ్ళికి ఓబులేసు చెక్కిచ్చినాడు." ఓబులేసు విగ్రహాలు చెక్కే ఆయన, దస్తగిరికి పాత స్నేహితుడు. "పెళ్ళికొచ్చినోళ్ళంతా పాస్‌వర్డ్ ఏందీ, పాస్‌వర్డ్ ఏందీ అని నా పానం తింటాండ్రి. అది గూడ చెక్కెయ్యప్పా, ఒక పని అయిపోతాది అంటి."

"పెళ్ళయి ఎన్నాళ్ళయింది?"

"రెండేండ్లు దాటింది."

రెండేళ్ళుగా ఆ పాస్‌వర్డ్ వీధి ఆస్తి. నవ్వుకోకండి. రాయి కాకపోతే గోడ మీద సుద్దముక్కతో రాసిన ఇళ్ళు చూశాను, ఫ్రిజ్ మీద, అంగడి కౌంటరు అద్దం మీద అతికించినవి చూశాను. మన దగ్గర మంచినీళ్ళు అడిగితే లేదనరు. వైఫై వచ్చాక దాన్నీ ఆ లెక్కలోనే వేసుకున్నారు. ఆ మంచితనాన్ని నేను తప్పుపట్టను. కానీ నీళ్ళు ఇచ్చేటప్పుడు చెంబుతో ఇస్తాం, బావి తాళంచెవి చేతిలో పెట్టం.

రెండు తాళాలు

ప్రతి రౌటరుకూ రెండు తాళాలు. ఒకటి వైఫై పాస్‌వర్డ్. దానితో ఇంట్లోకి వస్తారు. రెండోది రౌటరు లోపలి పేజీ పాస్‌వర్డ్. దానితో ఇంటి తాళాలే మార్చేయవచ్చు. జనానికి మొదటిదే తెలుసు. బిగించేవాళ్ళలో చాలామంది రెండోదాన్ని ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే వదిలేస్తారు.

రజియాను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, రౌటరు అడుగున రాసి ఉన్న చిరునామా కొట్టమన్నాను. పేరు అడిగింది: అడ్మిన్. పాస్‌వర్డ్ అడిగింది: అడ్మిన్. తెరుచుకుంది.

"ఇంత ఈజీనా మేడం?" అంది.

"వీధిలో ఎవరికైనా ఇంతే ఈజీ."

ముందు, ఈ మధ్య ఆ వైఫైలో కలిసిన ఫోన్లూ యంత్రాల పట్టీ చూడమన్నాను. ఆ ఇంట్లో ఫోన్లు నాలుగు, రజియా కంప్యూటరు ఒకటి, టీవీ ఒకటి. ఆరు. పట్టీలో పదిహేడున్నాయి.

"పదిహేడులో ఆరు పోతే పదకొండు. ఎవరివి దస్తగిరీ?"

ఆయన వేళ్ళు మడిచి మొదలుపెట్టాడు. "ఎదురింటోళ్ళవి రెండు. టైలరుది ఒకటి. కూరగాయల బండాయన చెట్టు కింద నిలబడి కూతురికి ఫోన్ చేసుకుంటాడు, పాపం. పక్కింటికి ట్యూషనుకొచ్చే పిల్లోల్లవి..." ఏడు దగ్గర ఆగిపోయాడు.

"మిగతా నాలుగు?"

"ఎవురో మనోళ్ళే ఉంటార్లే మేడం."

ఆ తర్వాత డీఎన్ఎస్ అనే గడి చూశాం. డీఎన్ఎస్ అంటే ఊళ్ళో దారి చెప్పే మనిషి అనుకోండి. ఫలానా బ్యాంకు ఎక్కడ అని అడిగితే వీధి చూపిస్తాడు. అక్కడ ఉండవలసింది కనెక్షన్ ఇచ్చినవాళ్ళ చిరునామా. ఉన్నది ఎవరిదో తెలియని చిరునామా. దారి చెప్పే మనిషిని లేపేసి ఎవరో తమ మనిషిని కూర్చోబెట్టారన్నమాట. రజియా పేజీలు చుట్టు తిరిగి రావడానికి కారణం అదే.

ఇక్కడ తొందరపడి రీసెట్ రంధ్రంలో పిన్ను గుచ్చకండి. ఫైబర్ రౌటరు పెట్టెల్లో చాలావాటికి లైను నడవడానికి నెట్టు కంపెనీ ఇచ్చిన పేరూ పాస్‌వర్డూ లోపల ఉంటాయి. రీసెట్ చేస్తే అవీ చెరిగిపోతాయి. అవి చేతిలో లేకుండా గుచ్చితే ఇల్లంతా చీకటి. కనెక్షన్ ఇచ్చిన స్థానిక ఆపరేటరుకు ముందు ఫోను చేశాను.

"ఓ, మేడమా! చెప్పండి."

"దస్తగిరి లైను యూజర్‌నేమూ పాస్‌వర్డూ చెప్పు. నువ్వు లోపల అడ్మిన్ అనే వదిలేసినావెందుకు?"

"అందరికీ అంతే మేడం. ఒక్కో ఇంటికి ఒక్కోటి పెడితే నాకెట్ల గుర్తుంటాది?"

"ఊరంతటికీ ఒకే తాళంచెవి పెట్టి నీకు నిద్రెట్లా పడుతుందప్పా?"

"నాకు బాగనే పడ్తాది మేడం. పట్టాల్సింది వాళ్ళకు గదా!" అని నవ్వి, వివరాలు చెప్పాడు. తెలివైనవాడే. ఇలాంటి తెలివి మీకు వద్దు.

అవి రాసుకున్నాక రీసెట్ చేసి, లైను నిలబెట్టి, పెట్టెకు దాన్ని తయారుచేసినవాళ్ళు ఇచ్చిన కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాం. తర్వాత అన్నీ రజియా చేత్తోనే చేయించాను. లోపలి పేజీకి కొత్త పాస్‌వర్డ్. బయటి నుంచి రౌటరును తెరిచే సౌకర్యం బంద్. బటన్ నొక్కితే ఫోను కలిసిపోయే డబ్ల్యూపీఎస్ బంద్. భద్రత రకం దగ్గర అన్నిటికంటే కొత్తదైన డబ్ల్యూపీఏ3 పెడితే వాళ్ళ పాత టీవీ కలవలేదు. అందుకని దాని ముందుదైన డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ ఎంచుకున్నాం. ఇంటికి అది చాలు. అంతకంటే పాతవి ఏవి కనబడ్డా ముట్టుకోవద్దు.

పాస్‌వర్డ్ దగ్గర రజియా ఆగింది. "ఎనిమిది అంకెలు సాలవా మేడం?"

"లెక్క వెయ్యి. ఎనిమిది అంకెలంటే పది కోట్ల రకాలు. మనిషికి ఎక్కువే, యంత్రానికి టీ తాగే లోపల అయిపోతాయి. ఫోను నంబరు పది అంకెలు. పొడుగు చూసి మురిసిపోతారు. ఆ నంబరు ఊరందరికీ తెలిసినప్పుడు అది పది అంకెలు కాదు, ఒక్క ఊహ."

ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో వరసగా పెట్టుకోమన్నాను. ఇంట్లో వాళ్ళ పేర్లు, పుట్టినరోజులు, దేవుడి పేర్లు వద్దు. ఆమె కొడుతుంటే నేను కిటికీ వైపు చూశాను. ఏం పెట్టుకుందో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఎవరి ఫోను అని వెతకొద్దు

దస్తగిరి అంతసేపూ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. పాస్‌వర్డ్ మారిందని తెలిసేసరికి లోపలికి వచ్చేశాడు.

"మార్చేస్తిరా? మరి రాయి? రాయి మీద రాసింది అబద్ధమైతాది గదా మేడం! ఓబులేసు ఏమనుకుంటాడు?"

"ఓబులేసు చెక్కింది నీ తల్లి పేరు. అది అబద్ధం కాలేదు."

"అది సరే. మా అల్లుడు?" గొంతు తగ్గించాడు. "మౌలాలి ఈ పొద్దు వస్తాడు మేడం. గడప దాటంగనే ఆయప్ప ఫోను కలుస్తాది. ఇప్పుడు కలవకపోతే మామ మొహమ్మీద తలుపేసినాడనుకోడా?"

అసలు చిక్కు రాయి కాదు, ఇది. రెండేళ్ళుగా ఆ ఇంట్లో పాస్‌వర్డ్ మారకపోవడానికి కారణం బద్ధకం కాదు. మారిస్తే అల్లుడు అడగాల్సి వస్తుంది. అల్లుడి చేత అడిగించుకోవడం మర్యాద కాదు. ఈ మాట ఏ మాన్యువల్‌లోనూ ఉండదు, కానీ మన ఊళ్ళలో సగం రౌటర్లు దీనివల్లే పాత తాళంతో ఉన్నాయి.

చుట్టాలకు వేరే వైఫై పెట్టవచ్చని చెప్పాను. అదే పెట్టె, రెండో పేరు. దానిలో కలిసిన ఫోనుకు ఇంటర్నెట్టు వస్తుంది, ఇంట్లో ఉన్న కంప్యూటరు కనబడదు, రౌటరు లోపలి పేజీ తెరుచుకోదు. దస్తగిరి మొహం వెలిగింది.

"అట్లయితే రాయి మీద ఉండేదే ఆ చుట్టాల వైఫైకి పెట్టు మేడం. రాయీ నిలబడ్తాది, అల్లుడూ కలుస్తాడు."

మంచి ఆలోచన. మీలో చాలామంది సరే అనేవాళ్ళు. నేను అనలేదు.

"రాయి వీధిలో ఉంది. లైను నీ పేరు మీద ఉంది. వీధిలో ఎవడు ఏ పాడు పని చేసినా వచ్చి అడిగేది నిన్ను. చుట్టానికి నువ్వే నోటితో చెప్పు. నెలకోసారి, ఒకటో తేదీన, అది మార్చు."

చుట్టాల వైఫైకీ రజియా చేతే వేరే పాస్‌వర్డ్ పెట్టించి, మార్చిన తేదీ ఒక చీటీ మీద వేసి రౌటరు అడుగున అతికించాను. తేదీ మాత్రమే.

"సరే మేడం," అని ఆయన దగ్గరికి వచ్చాడు. "నాకు నిజం చెప్పు. ఈ పని చేసింది ఎవురి ఫోను? ఆ నాల్గిట్లో మా అల్లుడిది గూడ ఉందా?"

అతనిది అయి ఉండవచ్చు. దొంగ సినిమాలు చూపించే యాప్‌లలో కొన్ని, ఫోను ఇంటి వైఫైలో కలవగానే రౌటరు పేజీ తెరిచి అడ్మిన్, అడ్మిన్ అని కొట్టి చూస్తాయి. ఫోను సొంతదారుకు ఆ సంగతే తెలియదు. టైలరుది కావచ్చు. దస్తగిరిదే కావచ్చు.

"నాకు తెలియదు. వెతకను కూడా," అన్నాను.

ఇది గట్టిగా చెప్తున్నాను. మనం తాళం బాగుచేసే మనుషులం. దొంగ ఎవరో చెప్పడం మన పని కాదు. ఒక పట్టీ చూసి ఒక పేరు అనేసి మీరు బస్సెక్కి వెళ్ళిపోతారు. ఆ మాట ఆ ఇంట్లో పదేళ్ళు తిరుగుతుంది.

మూడు గంటలకు

ఒంటిగంటన్నరకు మౌలాలి వచ్చాడు. నంద్యాలలో బియ్యం బస్తాల అంగడి ఉంది అతనికి. శనివారాలు ఆళ్ళగడ్డలో సరుకు దింపి మామ ఇంట్లో భోంచేసి వెళ్తాడు. కుర్చీలో కూర్చుని ఫోను తీశాడు. ఒకసారి చూశాడు, మళ్ళీ చూశాడు.

"ఏం మామా, నెట్టు పోయిందా?"

మౌలాలి లేచి గేటు దగ్గరికి పోయి, రాయి ముందు నిలబడి, ఒక్కో అక్షరం చూసి కొట్టి, వెనక్కి వచ్చాడు.

"రాయి మీద ఉండేదే కొడ్తాండా. తప్పంటాంది."

దస్తగిరి నా వైపు చూశాడు. నేను నా గ్లాసు వైపు చూశాను. అది నేను చెప్పవలసిన మాట కాదు. వంటింట్లోంచి గిన్నెతో వచ్చిన రజియా చెప్పింది.

"మార్చినా బావా."

"నువ్వు మార్చినావా? సరే, కొత్తది చెప్పు."

"అది చెప్పను. అది నా పనిది. నీకు వేరే పెట్టినా. చుట్టాల వైఫై. చెప్తా, కొట్టుకో."

"ఓహో! నేనిప్పుడు చుట్టమైతినా?"

"అల్లుడంటే చుట్టం గాక ఇంకేంది బావా? ముందు కూర వడ్డించేది చుట్టానికే గదా. తిను."

మౌలాలి నవ్వలేదు. "వద్దులే. నా ఫోన్ల డేటా ఉంది," అని ఫోను జేబులో పెట్టుకున్నాడు. దస్తగిరి అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. మంచి మాంసం కూర. నేను మాత్రం శుభ్రంగా తిన్నాను.

మూడుకు రెండు నిమిషాలుండగా రజియా లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. "మీరూ రండి మేడం, పక్కన కూర్చోండి" అంది. వెళ్ళలేదు. ఆ ప్రశ్నలకు నేను జవాబు చెబితే అది నా రౌటరు అవుతుంది. నడవలో దస్తగిరి పక్కన కూర్చున్నాను. మౌలాలి వసారాలో నిలబడి ఎవరితోనో బస్తాల గురించి ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్నాడు.

లోపలి నుంచి కంపెనీ మనిషి గొంతు వినిపిస్తోంది. హైదరాబాదు తెలుగు, మధ్యలో ఇంగ్లీషు. లోపలి పేజీ పాస్‌వర్డ్ ఎప్పుడు మార్చారు? భద్రత రకం ఏది? డబ్ల్యూపీఎస్ చూపించండి. కలిసి ఉన్న యంత్రాల పట్టీ చూపించండి. ఒక్కటి కూడా ఆమె తడబడలేదు. తన చేత్తో చేసిన పని గదా.

"ఈ పాస్‌వర్డ్ మీ ఇంట్లో ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలియదు సార్. కలపాల్సినవన్నీ నేనే కలిపినాను. మా నాయనకు గూడ చెప్పలేదు."

దస్తగిరి తల ఎత్తి మూసిన తలుపు వైపు చూశాడు.

ఆ మనిషి ఇంకా ఏవో చూశాడు. చివరికి, "ఓకే రజియా గారూ, లాగిన్ ఇస్తున్నాం. నిన్నటివి పెండింగు ఉన్నాయి, ఇప్పుడే మొదలుపెట్టగలరా?" అన్నాడు.

"పెడతా సార్."

మాటలు ఆగాయి. కాసేపటికి కీబోర్డు చప్పుడు మొదలైంది. ఆగకుండా, ఒకే వేగంతో. వసారాలో మౌలాలి గొంతు ఇంకా పెరిగింది.

దస్తగిరి లేచాడు. భుజం మీద తువ్వాలు సర్దుకుని వసారాలోకి పోయి అల్లుడి చేయి పట్టుకున్నాడు.

"మౌలాలీ, రోంత మెల్లగ మాట్లాడప్పా. లోపల పాప డ్యూటీలో ఉంది."